గుమాస్తా దస్కత్

సూర్యాపేట, 1949. శ్రావణ మంగళవారం, రాత్రి.

దుకాణాలవాళ్లు లెక్కలు ఏ పద్ధతిలో రాస్తారో కాగితం మీద పెట్టి ఇవ్వాలని పన్నుల ఆఫీసు నుంచి తాకీదు వచ్చింది. షావుకారు ఆ పని నాకే అప్పజెప్పాడు. నేనొక వెర్రివాణ్ణి, ఉన్నది ఉన్నట్టు రాశాను. కోదాడ నుంచీ మిర్యాలగూడ నుంచీ వచ్చిన వడ్ల బండ్లన్నీ పగలు చిత్తు పుస్తకంలో ఎక్కుతాయి, సాయంత్రం షావుకారు చెప్పినవి మాత్రమే అసలు పుస్తకంలోకి పోతాయి అని.

షావుకారు అది నాతో చదివించుకున్నాడు. తర్వాత మెల్లగా, "గిట్ల గాదు నర్సయ్యా. వచ్చిన బండి వచ్చినట్టే ఎక్కిస్తమని రాయి. చిత్తు పుస్తకం ముచ్చటే తియ్యకు" అన్నాడు.

మార్చి రాశాను. సంతకానికి ఆయన ముందు పెడితే కాగితాన్ని నావైపే జరిపాడు. "రాసేటోనివి నువ్వు. దస్కత్ నాదెట్లయితది?"

పెట్టాను. "రేపు ఎవరన్న అడిగితే?" అన్నాను.

"అడిగినప్పుడు సూద్దాం తియ్యి" అని లేచిపోయాడు.

అడిగేది ఎవరినో ఇద్దరికీ తెలుసు. ఆ చిత్తు పుస్తకాలన్నీ నా చేతిరాతే. ఇంట్లో ఇంకా చెప్పలేదు, ఎట్లా చెప్పాలో...

ఇరవై రెండేళ్లుగా నా జీతం కూడా "గుమాస్తాకు" అనే రాయించాడు, పేరు దండగన్నట్టు. ఇవాళ మాత్రం ఆ కాగితం మీద నా పేరు పక్కన కూర్చుని మరీ రాయించాడు. ఇంటిపేరుతో సహా, మా నాయన పేరుతో సహా.