నాన్నగారి సభ, నా గడువు

అబూ హలీఫా, కువైట్
శుక్రవారం

అక్కయ్యకు, బావగారికి నమస్కారాలు. మా అమ్మాయి ఉమకు ఆశీస్సులు.

ఇక్కడ నేను కులాసా. బావగారి మోకాలి వాపు తగ్గిందా? నీకు దగ్గు పట్టిందని ఉమ రాసింది. మిరియాల కషాయం మానకు. నా గురించి బెంగ వద్దు. వేళకు తింటున్నాను. నిద్ర పడుతోంది.

చలి ముదిరింది. సముద్రపు నీటిని మంచినీళ్ళుగా మార్చే ఫ్యాక్టరీలో నీళ్ళు పరీక్షించడమే నా పని కనుక, ఆ గదిలో వెచ్చగానే ఉంటుంది. వంట నేనూ, నాతో ఉండే సుబ్బరాజు గారూ చెరొక పూట చేస్తాం. ఆయనది అమలాపురం. నా పప్పు నోట్లో పెట్టుకుని, "ఫ్యాక్టరీలో ఉప్పంతా తీసేత్తారు సరే, ఇంటికొచ్చి కూడా అదే పనాండీ?" అంటారు.

సరోజ తద్దినం నువ్వు రాసిన తిథికే, పోయిన వారం జరిగింది. పురోహితుడు లేడు. అన్నం వండి, ముద్ద తీసుకెళ్ళి సముద్రం ఒడ్డున పెట్టాను. ఇటువైపు కాకులు కనబడవు. తెల్లటి సముద్రపు పిట్టలు వచ్చి తిన్నాయి. సుబ్బరాజు గారు దూరంగా నిలబడి, "ఏ పిట్టయితే ఏవుందండీ, అమ్మగారు కాదంటారా? పదండి, చలేత్తంది," అన్నారు. ఆయన వచ్చే నెల మొదట్లో సెలవు మీద మనవైపు వస్తున్నారు. కొత్త పంచాంగం ఒకటి ఆయన చేతికియ్యి. తిథులు చూసుకోవడానికి ఇక్కడ ఏమీ లేదు.

ఇక అసలు సంగతి. నా కాంట్రాక్టు వచ్చే నెలాఖరుతో అయిపోతుంది. కంపెనీ మరో రెండేళ్ళు పొడిగిస్తానంది. ఆఫీసులో కాగితాల పని చూసే మల్లేశం కరీంనగర్ మనిషి. పెన్ను నా చేతిలో పెట్టాడు.

"యల్లా సార్, ఒక్క దస్కతు. ఇఖామా సంగతి నేను జూస్కుంట. ఖలాస్."

ఇఖామా అంటే ఇక్కడ ఉండటానికిచ్చే అనుమతి కాగితం. మా అమ్మాయిని అడిగి చెబుతానన్నాను.

"బిడ్డనా? బిడ్డను అడుగుడేంది సార్? మీ బిడ్డ గిన మీకు కఫీలా ఏంది?"

మనల్ని ఇక్కడికి పిలిపించుకున్న యజమానిని కఫీల్ అంటారు. గదిలో అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. సంతకం పెట్టలేదు.

సరోజ పోయిన పదమూడో రోజున, "తల్లి లేని పిల్ల, ఒక్క ఏడాది ఉమను చూసుకో" అని నిన్ను అడిగాను. సరేనన్నావు. ఆ ఏడాది కాగానే ఇంకో ఏడాది అని రాశాను. బావగారు సరేనని రాశారు. ఉమ ఏమందో ఎవరి ఉత్తరంలోనూ లేదు.

ఆ కాంట్రాక్టు కాగితం చూస్తుంటే నాన్నగారి ఢిల్లీ సభ గుర్తొచ్చింది. నాకన్నా పెద్దదానివి, నీకు ఇంకా బాగా తెలుసు. తెల్లదొరల కాలంలో నాన్నగారు మూడేళ్ళకని ఎన్నికైన శాసనసభ. వైస్రాయి ఏడాదేసి గడువు పెంచుకుంటూ పోతే పదేళ్ళు దాటి నడిచింది. పన్ను కట్టే కొద్దిమందికే అప్పట్లో ఓటు. గడువు పెరిగినప్పుడల్లా నాన్నగారు జట్కా కట్టించుకుని ఆ ఓటర్ల ఇళ్ళకు వెళ్ళేవారు. ఉండమంటారా, మానుకోమంటారా అని అడిగేవారు. అడగాలని ఏ చట్టమూ లేదు. "ఓట్లు మావి, ఏళ్ళు దొరవీనా, ప్లీడరు గారూ?" అని వాళ్ళు వేళాకోళం చేసి, చివరకు ఉండమనే చెప్పేవారు.

ఒకసారి అలా తిరిగొచ్చి, పెట్టె సర్దమన్నారు. అమ్మ సర్దలేదు.

"ఊరందర్నీ అడిగొచ్చారు. ఈ ఇంట్లో ఎవర్నైనా అడిగారా?" అంది.

"నీకు ఓటు లేదుగా," అన్నారు నాన్నగారు నవ్వుతూ.

"ఎదురుచూడ్డం మాత్రం ఉంది," అంది అమ్మ.

ఆయన పెట్టె తనే సర్దుకుని రైలుకు వెళ్ళిపోయారు. నువ్వు నా చెయ్యి పట్టుకుని వాకిట్లో నిలబడ్డావు. నాన్నగారిని తప్పు పట్టడం లేదు. ఆయన ఓటర్లనైనా అడిగారు.

అందుకని ఒక పని చేసిపెట్టు. ఈ ఉత్తరం ఉమకు ఇవ్వు. చదువుతున్నంతసేపూ పక్కన కూర్చోకు. నాన్న కష్టపడుతున్నాడని చెప్పకు. జవాబు తనే రాసి, తనే పోస్టు చెయ్యనీ. ఉండమంటే ఉంటాను. రమ్మంటే వస్తాను. అక్కడ ఏదో ఒక ఉద్యోగం దొరక్కపోదు. మీ ఇద్దరికీ ఎలా ఉందో అది కూడా మొహమాటపడకుండా వేరే రాయి.

ఉమ సరోజలాంటిది. ఏదీ నోరు తెరిచి అడగదు. కాంట్రాక్టు ముగిసేలోగా దాని దగ్గర్నుంచి ఏమీ రాకపోతే, సరేనందని అనుకోను. వచ్చేస్తాను.

పిన్నిగారికీ, వీధిలో పెద్దలందరికీ నా నమస్కారాలు చెప్పు. నాకు ఎప్పుడూ ఇచ్చే దీవెన ఈసారి ఉమకు ఇవ్వు, ధైర్యంగా రాయమని.

నీ తమ్ముడు
సూర్యం