పార్కు అనుకున్న వీధి

బావగారికి,

ఫోన్లో చెబుదామంటే మా ఆఫీసులో గోడలకు చెవులున్నాయి. అందుకే ఈ ఉత్తరం మీ రూటు బస్సు కండక్టరు చేతికిచ్చి పంపుతున్నాను. చదవగానే ఇక్కడికి పరుగెత్తుకు రాకండి. మీరొచ్చి అరిస్తే నా ఉద్యోగం పోతుంది, మీ వీధీ దక్కదు.

నగరం కొత్త ప్లానులో మీ వీధి లేదు. అక్కడ పార్కు అని ఉంది. ఎవరూ పగబట్టి చేసింది కాదు. ఎండ తగ్గాలని మీరంతా ఇళ్ళ కప్పుల మీదికి పాకించిన తీగలున్నాయే, పైనుంచి తీసిన ఫొటోలో అవే పడ్డాయి. వీధిలో అడుగుపెట్టి చూసినవాళ్ళు లేరు. ఖాళీ స్థలమనుకుని పచ్చరంగు వేసేశారు. ఇళ్ళున్నాయండీ అంటే, "ఏం, నీ చుట్టాలవా?" అన్నారు మా పెద్దసారు.

ఫొటో మసకగా ఉందని చెప్పి మళ్ళీ తీయించడానికి మాత్రం ఎలాగో ఒప్పించాను. రేపు ఉదయం డ్రోన్ వస్తుంది. ఆ తర్వాత ప్లాను ఖాయం.

తీగలు కోయకండి, ప్రాణం పెట్టి పెంచారు. తెల్లారేసరికి ప్రతి ఇంటి కప్పు మీదా, తీగలపైనే దుప్పట్లు ఆరేయించండి. పార్కులో ఇన్ని దుప్పట్లు ఆరవని మా పెద్దసారుకైనా తెలుసు.

మీ మరదలు

తా.క. అక్క ముచ్చటపడి కొన్న ఆ ఆకుపచ్చ దుప్పట్లు మాత్రం రేపు బీరువా దాటకూడదు.