16369 ఎదురుగా ఖాళీ

12 మే 1978
సెలవులు. స్కూల్లో సిస్టర్ అన్నమ్మ చెప్పిన సంఖ్య నాన్నకి చూపించాను. 2147483647. రెండుని ముప్పై ఒక్కసార్లు వేసి గుణించి, ఒకటి తీసేస్తే వచ్చేది. ప్రైమ్. ఒకటీ, తనూ తప్ప దేనితో భాగించినా శేషం మిగులుతుంది. ఎనభై నాలుగు సంఖ్యలతో భాగించి చూస్తే చాలట, రుజువైపోతుంది. ఆ జాబితా సిస్టరే రాసిచ్చింది. ఎవరో చెప్తే నమ్మడమేమిటి, మనమే చూద్దాం అన్నాడు నాన్న.
సంఖ్యని పెద్దగా రాసి నా మంచం పైన గోడకి అంటించుకున్నాను.

13 మే
నాన్న ఆర్మీ సిగ్నల్స్‌లో సుబేదార్. ఇంట్లోనూ అదే పద్ధతి పెట్టాడు. రోజుకొక భాగహారం. ఒకరోజు నా వంతు, ఒకరోజు నాన్నది. ఒకరు చేసింది ఇంకొకరు సరిచూసి సంతకం పెట్టాలి. అప్పుడే రిజిస్టర్‌లోకి.
మొదటిది 311. నేను చేశాను. శేషం 35. సంతకం పెట్టేముందు నాన్న నా పేరు అడిగాడు, డ్యూటీలో అడిగినట్టు. నవ్వకుండా చెప్పాను.

2 జూన్, సాయంత్రం 6
అమ్మ గొడవ. ఆ అంకెకి శేషం మిగిలినా మిగలకపోయినా ఇంట్లో పప్పు మాత్రం రోజూ మిగిలిపోతోంది అంది. పక్క క్వార్టర్ కనకయ్య అంకుల్ గోడ చూసి, ఎవరి ఫోన్ నంబర్ సుబేదార్ సాబ్, ఇంత పొడుగుంది అన్నాడు.
నాతో రోజూ ఇంతసేపు ఎవరూ కూర్చోలేదు ఎప్పుడూ.

19 జూన్
నాన్న వంతు. 16369. ఆఫీసులో చేస్తానని తీసుకెళ్లాడు. వచ్చి, కుదరలేదన్నాడు.

21 జూన్
అడిగాను. ఇక చాల్లే, చదువు చూసుకో అన్నాడు. నా మొహంలోకి చూడలేదు.

30 జూన్
విసుగొచ్చి ఉంటుంది. నా మీదే. రిజిస్టర్‌లో ఆ ఖాళీ గడి నాన్నది. నేను నింపను.

9 నవంబర్ 1986, మధ్యాహ్నం 4
ఉద్యోగంలో నా పేరున సరోజినీ నగర్‌లో క్వార్టర్ వచ్చింది. సామాను సర్దడానికి అమ్మా నాన్నా వచ్చారు. ట్రంకులో ఆ రిజిస్టర్. చిరిగిన బ్రౌన్ పేపర్ అట్ట మార్చబోతే లోపల నాన్న ఆఫీసు మెసేజ్ ఫారం, మడతపెట్టి. వెనక నాన్న పెన్సిల్ రాత. 16369తో భాగహారం. శేషం సున్నా. సున్నా చుట్టూ రెండుసార్లు గీసిన గీత.
నా సంఖ్య ప్రైమ్ కాదనుకున్నాడు.
అక్కడే, ట్రంకు మూత మీద కాగితం పెట్టుకుని, నేను చేశాను. శేషం 1799. నాన్న రెండుచోట్ల తీసివేత తప్పు చేశాడు. సరిచూడమని నా చేతికిచ్చి ఉంటే ఆ రోజే పట్టేదాన్ని.

10 నవంబర్
టీ తాగుతుంటే రెండు కాగితాలూ ముందు పెట్టాను. చాలాసేపు చూశాడు. దేవుడి పటంలా గోడకి అంటించుకున్నావు, నేనెలా చెప్పేదే అన్నాడు. రూలు నీదే కదా నాన్నా అన్నాను. ఎనిమిదేళ్లు మూతులు ముడుచుకున్నది దీనికా అని అమ్మ గ్లాసులు తీసుకుని వెళ్లిపోయింది.
నాన్న పెన్సిల్ అడిగాడు.

11 నవంబర్, ఉదయం 7
16369. శేషం 1799. చేసింది నాన్న. సరిచూసింది నేను. సంతకానికి ముందు పేరు అడిగాను. ర్యాంకుతో సహా చెప్పాడు.
ఇవాళ నా వంతు.