పదకొండో జెండా

మార్చి 18, బుధవారం
రేవు అడుగు తవ్వే డ్రెడ్జర్ ఓడ మీద, భోజనాల గదిలో, కిటికీ పక్క బల్ల

మహారాజశ్రీ, ముప్ఫై ఏళ్ళుగా నీటి అడుగుని కంటినిండా నిద్రపోనివ్వని బాబాయి గారి దివ్య సముఖానికి, మీ అన్నగారి రెండో కొడుకు, డిగ్రీ పుచ్చుకుని బుద్ధి పుచ్చుకోవడం మరిచినవాడు, నడుం వంచి నమస్కరించి చేసుకుంటున్న మనవి.

ఇక్కడ అందరం క్షేమం. అక్కడ నువ్వూ, చెల్లీ, బావగారూ క్షేమమనీ, నీ కోపం మాత్రం రోజురోజుకీ నీరసించిపోతోందనీ తలుస్తాను.

ముందుగా క్షమాపణలు. చాలా ఉన్నాయి కాబట్టి కూర్చుని చదువు. ఈ ఉత్తరం పొడుగ్గా ఉన్నందుకు క్షమించు. నా చేతిరాత కోడి గీకినట్టు ఉన్నందుకు క్షమించు. కాగితం మీద టీ మరక పడినందుకు క్షమించు, ఓడ ఊగితే నేనేం చేసేది. నీకు ఇరవై రెండు సార్లు ఫోన్ చేసినందుకు క్షమించు. నువ్వు ఒక్కసారీ ఎత్తనందుకు నేనూ నిన్ను క్షమించేశాను, సరికి సరి. చివరగా, ఇరవై నాలుగేళ్ళ కిందట పుట్టి, ఆపైన కాలుష్యాల గురించి చదివి, ఆపైన నీ ఓడ మీదే ఉద్యోగంలో చేరి, నీ ఎదురుగా ఎర్రజెండా పట్టుకుని నిలబడినందుకు నా తరఫునా, మా కాలేజీ ప్రిన్సిపాల్ తరఫునా, అప్పుడు నాకు పాసు మార్కులేసిన మహానుభావులందరి తరఫునా క్షమాపణలు.

నీకు కళ్ళజోడు పెట్టుకోవడం నామోషీ కాబట్టి ఈ ఉత్తరం చెల్లే చదివి వినిపిస్తుందని నాకు తెలుసు. ఆవిడకి మన పని ఏనాడూ ఎక్కలేదు. మా నాన్న సముద్రంలో మట్టి తవ్వుతాడు అని పెళ్ళిచూపుల్లో చెప్పిన మనిషి. అందుకని కాస్త ఆగు బాబాయ్, ఆవిడ కోసం నాలుగు ముక్కలు.

చెల్లీ, ఈ రేవు అడుగున అరవై ఏళ్ళ చెత్త ఉంది. ఓడల నుంచి గీకేసిన పాత రంగు, నూనె, సీసం, పాదరసం. అవన్నీ బురదలో కలిసిపోయి నల్లగా, జిగటగా, ఎవరూ ముట్టుకోనంతసేపూ పెద్దమనుషుల్లా పడుకునుంటాయి. మోటుగా కెలికితే లేచి నీళ్ళలో కలుస్తాయి, అక్కణ్ణుంచి చేపల్లోకి, అక్కణ్ణుంచి మన కంచాల్లోకి. కాబట్టి వాటిని నిద్ర లేపకుండా ఎత్తుకెళ్ళాలి. దానికోసం క్రేను చివర మూత ఉన్న పెద్ద బకెట్, చుట్టూ నీళ్ళలో వేలాడే తెర, పక్కన ఒక పడవలో మీటరు పెట్టుకుని నేను. నీళ్ళ కలక అంకె యాభై దాటితే నేను జెండా ఎత్తుతాను. తేరుకునేదాకా పని ఆగాలి. ఒక్క షిఫ్టులో పది జెండాల దాకా సహిస్తారు. పదకొండోది పడితే ఆ ఆపరేటర్‌ని సీట్లోంచి దింపేస్తారు. అది రూలు. మీ నాన్నేమో ముప్ఫై ఏళ్ళపాటు గబగబా, నిండుగా, నీళ్ళు చిమ్ముతూ తోడి, ఆ వేగానికి షీల్డులు గెలుచుకున్న మనిషి. ఇప్పుడా మనిషిని పట్టుకుని నెమ్మదిగా, సగం సగం, చిలకరించకుండా తియ్యమన్నారు. అంతే కథ. ఇంక నువ్వు నోరు మూసుకుని చదువు.

బాబాయ్, ఈ కొత్త పద్ధతి మొదలైన ఆ వారం నీకెలా గడిచిందో నాకు బాగా తెలుసు, జెండాలు ఎత్తింది నేనే కనక. సోమవారం పది. నువ్వు రేడియోలో నన్ను తిట్టిన తిట్లలో నాలుగు నాకు కొత్తవి, రాసిపెట్టుకున్నాను. మంగళవారం తొమ్మిది. బుధవారం ఏడు. గురువారం ఆరు. తగ్గుతూ వస్తున్నాయని నేను నీతో అనలేదు. అనాల్సింది. అంటే నువ్వు పొంగిపోతావని భయం, పొంగితే బకెట్ ఊపుతావని ఇంకో భయం. శుక్రవారం, ఒకప్పుడు ఓడలకి రంగులు గీకిన రంగులగోడ పక్కకి వచ్చాం. ఆ మూల బురద ఎంత చెడ్డదో నీకు తెలుసు. మధ్యాహ్నానికి తొమ్మిది, ఆ తర్వాత పాత లంగరు తగులుకుని పది, సాయంత్రం షిఫ్టు ముగిసే వేళకి పదకొండు.

తిడతావేమోనని రేడియో చెవి నుంచి దూరంగా పట్టుకుని కూర్చున్నాను. నువ్వేమో బకెట్‌ని బురద మోసే బార్జి మీద దించావు, ఇంజిను ఆపావు, మెట్లు దిగి వచ్చి చేతితొడుగులు విప్పి వాటి చోట వాటిని తగిలించావు. తర్వాత నా దగ్గరికి వచ్చి, మామూలు గొంతుతో అన్నావు:

"నా చేతుల పని అయిపోయిందిరా. ముప్ఫై ఏళ్ళు ఒకటే నేర్చుకున్నాయి. చేతులకి చెవులుండవు, ఒక్కసారి చెబితే వినడానికి."

నువ్వు తిట్టినా బావుండేది. ఆ మర్నాడే సంచీ సర్దుకుని చెల్లి దగ్గరికి వెళ్ళిపోయావు.

ఇప్పుడు వార్తలు. నీ సీట్లో కూర్చున్నతను మంచివాడే. మావాళ్ళు అతనికి ఉయ్యాల అని పేరు పెట్టారు, ఎందుకంటే అతని చేతిలో బకెట్ ఎప్పుడూ గాల్లో ఊగుతూనే ఉంటుంది. రోజుకి ఎనిమిది జెండాలు, తొమ్మిది జెండాలు. నిన్న నా పక్కన కూర్చుని సిగ్గుపడుతూ అడిగాడు, బాబాయిగారు బకెట్ నీళ్ళలోకి దించేటప్పుడు ఎడమ చెయ్యి ఏం చేసేవారండీ అని. నేను నీ ఎడమ చేతిని ఎప్పుడూ చూడలేదు. అంకెని చూస్తూ కూర్చున్నాను.

పోయిన గురువారం పరీక్షల రిపోర్టు వచ్చింది. అడుగుని గళ్ళు గళ్ళుగా విడగొట్టి తీస్తున్నాం కదా, తీసిన ప్రతి గడి అడుగునుంచీ మట్టి ఎత్తి పరీక్షకి పంపిస్తారు, ఇంకా విషం మిగిలితే మళ్ళీ తవ్వాలి. నువ్వు తీసినవి పధ్నాలుగు గళ్ళు. పధ్నాలుగూ మొదటిసారికే పాస్. ఇంజనీరమ్మ నమ్మక రెండోసారి చదివింది. ఉయ్యాల తీసినవి ఆరు, మూడు మళ్ళీ తవ్వమన్నారు. పాపం అతను ఆ రోజు సూప్ కూడా తాగలేదు. వంటాయన బలవంతం చేసి తాగించాడు.

ఇంకోటి. శుభ్రమైన గళ్ళ మీద ఇసక పరుస్తున్నాం కదా. మొన్న అడుగు చూడ్డానికి మునిగిన డైవరు పైకి వచ్చి ముసుగు తీసి నవ్వాడు. ఈ రెండేళ్ళలో ఆయన నవ్వడం ఎవరూ చూడలేదు, పళ్ళున్న సంగతి మాకప్పుడే తెలిసింది. నువ్వు తీసిన మూడో గడి ఇసక మీద పీత కనబడిందట. గోరంత పీత. అడ్డంగా నడుచుకుంటూ, పెద్ద ఆఫీసర్ తనిఖీకి వచ్చినట్టు ఆ చివరి నుంచి ఈ చివరిదాకా వెళ్ళి, ఏమీ తప్పు దొరక్క ఇసకలో దూరిపోయిందట. అరవై ఏళ్ళలో అక్కడ పీత ఉన్నట్టు ఎవరూ చెప్పలేదు. ఆ సాయంత్రం మొత్తం ఓడకి వేరే మాట లేదు. పీతకి నీ పేరు పెడదామన్నారు. మొహాలు కలుస్తున్నాయని నేనూ ఒప్పుకున్నాను.

అంతా బావుంది, రంగులగోడ మూల తప్ప. అక్కడ నాలుగు గళ్ళు మిగిలాయి, అన్నిటికంటే చెడ్డవి. వచ్చే నెల ఇరవైకి చేపలు గుడ్లు పెట్టే కాలం మొదలవుతుంది, ఆపైన నాలుగు నెలలు ఎవరూ బకెట్ ముంచకూడదు. ఆ నాలుగు నెలల్లో వర్షాలు పడి ఏటి నీళ్ళు తోసుకొస్తే, ఆ మూల బురద లేచి మనం శుభ్రం చేసిన గళ్ళ మీదే పరుచుకుంటుంది. పీత గతి చెప్పక్కర్లేదు. ఆ నాలుగు గళ్ళకి సీట్లో ఎవరు కూర్చోవాలో సోమవారం తేలుస్తారు. ఉయ్యాల తనంతట తానే ఇంజనీరమ్మ దగ్గరికి వెళ్ళి, ఆ మూల తన వల్ల కాదని చెప్పేశాడు. వేరే ఊరి నుంచి మనిషిని తెప్పించాలంటే వారాలు పడుతుంది.

ఇంక పిన్ని సంగతి. కుట్టుపని ఆర్డర్లు వదిలి రాలేనని నీ వెంట రాలేదు కానీ, ఇక్కడ మిషను కంటే గట్టిగా తనే శబ్దం చేస్తోంది. ఆదివారం భోజనానికి పిలిచింది. వెళ్ళాను. వంటింట్లో పిండి డబ్బా ఖాళీగా ఉంది. ఏం పిన్నీ, ఎలకలా అన్నాను. ఎలక కాదురా, మీ బాబాయి అంది. అప్పుడు చెప్పింది. ఆ వారమంతా నువ్వు తెల్లారకుండానే లేచి, పెద్ద గిన్నెలో గుప్పెడు పిండి వేసి నీళ్ళు పోసి, అది అడుక్కి దిగి పైన నీళ్ళు తేరుకునేదాకా కాచుకుని, రెండు గరిటెలు ఎదురెదురుగా పట్టుకుని ముంచి, అడుగున పిండిని పైనున్న నీళ్ళు తెల్లబడకుండా ఎత్తడానికి ప్రయత్నించేవాడివట. తెల్లబడితే పారబోసి మళ్ళీ మొదటి నుంచి. డ్యూటీకి వచ్చే ముందు రోజూ గంటన్నర. పిన్ని అరిస్తే, ఇంకొక్కసారే, వచ్చేసింది, ఇంకొక్కసారే అనేవాడివట.

సోమవారం పది, మంగళవారం తొమ్మిది, బుధవారం ఏడు, గురువారం ఆరు. నేను మీటరు బాగా పనిచేస్తోందని అనుకున్నాను.

పిన్ని వడ్డించిన కంచం అలాగే వదిలి లేచాను. ఒంట్లో బాలేదేమోనని నుదురు పట్టి చూసింది.

సరే, మనవి. నువ్వు రావాలి. ఆదివారం సాయంత్రానికి ఇక్కడుంటే సోమవారం పొద్దున సీటు నీది. ఇది నా సొంత కవిత్వం అనుకుంటావని ఇంజనీరమ్మ సంతకం చేసిన కాగితం కూడా ఇందులోనే పెడుతున్నాను, చెల్లి చేత చదివించుకో. శుక్రవారం నాటి నమోదు కొట్టేశారు, నీ పేరు మీద ఏ మచ్చా లేదు. వస్తే ఉయ్యాల నీ పక్కనే కూర్చుని నేర్చుకుంటానంటున్నాడు. తిట్టొద్దు, చెయ్యి చూపించు. అంతకంటే నీ చేతుల గురించి చెప్పడానికి నాకు చదువు చాలదు.

పదకొండు జెండాలు పడ్డవాణ్ణి మళ్ళీ ఎలా కూర్చోబెడుతున్నారు, ఇంజనీరమ్మ రూలు మార్చిందా అని నువ్వు అడుగుతావు. నీకు జాలితో ఇచ్చేది ఏదీ గిట్టదు. మార్చలేదు. జాలీ లేదు. కింద చూడు.

ఇట్లు,
నువ్వు రేడియోలో థర్మామీటరని పిలిచే,
నీ అన్న కొడుకు

తా.క. చెల్లీ, ఇక్కణ్ణుంచి గట్టిగా చదవకు. కాగితం నాన్నకి ఇచ్చెయ్. కళ్ళజోడు పెట్టుకోమను.

బాబాయ్, మొదటి పేజీలో అడిగిన క్షమాపణలన్నీ ఉత్తుత్తివి. అవేవీ నేను చేసిన తప్పులు కావు. చేసింది ఒకటే ఉంది.

శుక్రవారం మధ్యాహ్నం భోజనాల దగ్గర, వంటాయన సూప్ వడ్డిస్తుంటే, నువ్వు ఎర్ర రుమాలు తీసి, ఎవరు చెంచా ముంచినా గంభీరంగా మొహం పెట్టి పైకెత్తావు. అచ్చం నాలాగే. మెడ కూడా నాలాగే పెట్టావు. బల్లంతా పడి పడి నవ్వింది. అందరికంటే గట్టిగా నేను నవ్వాను. పుట్టినప్పటి నుంచీ అందరి మీదా జోకులేసినవాణ్ణి, ఒక్కటి నా మీద పడితే మింగలేకపోయాను. పడవలోకి వెళ్ళి కూర్చున్నా చెవుల్లో ఆ నవ్వే.

మీటరు నిమిషం నిమిషానికీ అంకె దాచుకుంటుంది. ఎవరైనా తెరిచి చూస్తే ఆ రోజే తెలిసిపోయేది. ఎవరూ చూడలేదు. సొంత బాబాయి మీద జెండా ఎత్తాడంటే నిజమే అయ్యుంటుందనుకున్నారు. నువ్వూ అలాగే అనుకున్నావు.

నిన్న పొద్దున ఇదంతా రాసి ఇంజనీరమ్మకి ఇచ్చాను. ఆవిడ మీటరు నా చేతిలోంచి తీసేసుకుంది. ఇప్పుడు బార్జి మీద బురద జల్లెడ పట్టే పనిలో ఉన్నాను, ఎన్నాళ్ళో చెప్పలేదు, నేనూ అడగలేదు. నువ్వు వచ్చినా నాతో మాట్లాడక్కర్లేదు. రా చాలు.

పది దాకా నిజం. ఆ పదోదాని తర్వాత నలభై నిమిషాలపాటు నువ్వు ఆ మూలలో తోడుతూనే ఉన్నావు, అంకె ఒక్కసారి కూడా నలభై దాటలేదు. నేను జెండా ఎత్తినప్పుడు ముప్ఫై ఒకటి చూపిస్తోంది. నీళ్ళు తేటగానే ఉన్నాయి బాబాయ్.