పులి కొట్టదని చెప్తి

ఆదివారం.

నా మనమరాలు సునీత, దాంతో చదివే రఫీ కలిసి కర్నూలు కాలేజీలో ఒక కొట్లాట ఆట చేస్తాండారు, ఫోన్లో ఆడేది. వేరే వేరే ఆటల్లోని యోధులను పిలిచి ఇందులో కొట్లాడిస్తారంట. ఇంకొక్క అతిథికే చోటుండాది. రేపు సాయంత్రం లోపల పేరు ఇయ్యాల. ఈ పొద్దు మా వసారాలో కూర్చోని దాని మీదనే గొడవ.

రఫీ మరమనిషి కావాలంటాడు. సునీతేమో, "మా తాత పీర్ల పండక్కి కట్టిన పులేసం పెడదాం" అనె.

"ఏం తాతా, మీ పులి ఎట్ల కొడతాది?" అని రఫీ నన్నడిగె.

"పులి కొట్టదప్పా" అంటి.

వాడు పగలబడి నగె. "కొట్టనోన్ని కొట్లాటకు పిలిస్తే, ఆడేటోళ్లు మనల్ని కొడతారు సునీతా!"

సునీత నా పక్క చూసె. నేను తల వంచుకుంటి. మరమనిషినే ఖాయం చేసిరి.

నా నోట్లో మన్ను బడ! పీర్లకు మొక్కి రంగు పూసుకున్నాక మనిషి మీద చెయ్యి పడగూడదు, అది మా ఊరి కట్టు. చూపుతో, అడుగుతో ఎదుటోన్ని పీర్లుండే చావిడి దాకా ఎనక్కి నడిపించాల. ఎనక్కి పోయినోడు ఓడినట్టు. ఇంత మాత్రం చెప్పింటే రఫీ కూడా ఒప్పుకునేవాడేమో. బిడ్డ నాకోసం శానా కొట్లాడె.

రంగు పూసుకుంటే ఊరంతా చూస్తాన్నా నాకు బెదురుండేది కాదు. ఉత్త ముఖంతో ఇద్దరు పిల్లోళ్ల ముందర మాట రాలేదు.

రేపు పొద్దున్నే సునీత బస్సుకు పోతాది. సంచి మోసుకుంటా నేనూ పోతా. దోవలో చెప్పాల. చెప్తానో, లేక సంచి చేతికిచ్చి వస్తానో...