మంచినీళ్ల బావికి కట్టిన రిబ్బను గురించి

రాళ్లచెల్క,
జూన్ 1964

తాలూకా తహసీల్దారు గారి సముఖమునకు రాళ్లచెల్క హరిజనవాడ నివాసి, వ్యవసాయ కూలీ బాలస్వామి వ్రాసుకొన్న అర్జీ.

విషయం: తాము ప్రారంభించిన బావిని మరల ప్రారంభించి ఇప్పించుట గురించి.

అయ్యా,

1. గత మాఘమాసములో తాము దయచేసి, మా ఊరి మంచినీళ్ల బావికి కట్టిన ఎర్ర రిబ్బను కత్తెరతో కోసి, ఇకమీదట ఈ బావి అన్ని కులములవారిదని సెలవిచ్చితిరి. మా ముకుందరావు దొరవారు స్వయముగా నీళ్లు చేది నా దోసిట్లో పోసినారు. ఫోటో తీసినారు. సరిగా రాలేదని మళ్లీ పోసినారు. ఆ రోజు నేను కడుపునిండా తాగిన మాట వాస్తవము.

2. ఆ నీళ్ల రుచి చూసి మా వాడ ఓట్లన్నీ దొరవారికే వేసితిమి. వారు సర్పంచి అయినారు. అప్పటినుండి వారిని దొర అనరాదని, ప్రజాసేవకుడు అనవలెనని హుకుం చేసినారు. నోటికి అలవాటు తప్పక మేము సేవక దొరవారు అంటున్నాము.

3. ఇప్పుడు సేవక దొరవారు పంచాయతీ సమితి అధ్యక్ష పదవికి నిలబడుచున్నారు. మంత్రిగారిని పిలిపించి వారి చేత అదే బావిని ప్రారంభింపజేయదలచి, చుట్టూ మరల రిబ్బను కట్టించినారు. మేము బిందెలతో పోగా వారి గుమాస్తా దశరథం అడ్డు నిలిచి, “గిది సర్కారు రిబ్బను. పెద్దసారు కొయ్యకముందు దాటితే జైల్ల ఏస్తరు” అన్నాడు. తాము కోసినది సర్కారుదైతే ఇదియు సర్కారుదే కదా అని నమ్మి, రిబ్బనుకు దండం పెట్టి తిరిగి వచ్చితిమి. దొరవారి ఇంటివారు మాత్రము దాని కిందినుండి వంగి తోడుకొనుచున్నారు. వంగుట అలవాటు లేనందున పాపము నడుములు నొచ్చుచున్నవట.

4. మా వాడ బావి నీళ్లు తాగి నా పెద్దబిడ్డ మారెమ్మ కాళ్లు వంకర పోయినవి. గోడ పట్టుకొని నడుచుచున్నది. చిన్నదానికైనా మంచినీళ్లు తాపుమని దవాఖానలో డాక్టరుగారు చెప్పినారు. చిన్నది ఇప్పుడిప్పుడే అడుగులు వేస్తున్నది. ఆ అడుగులు చూడాలంటే నాకు భయమైతున్నది సారూ. ఈ మాట అర్జీలో రాయవచ్చునో రాయకూడదో తెలియదు, రాసినాను.

5. మంత్రిగారు ఎప్పుడు వచ్చెదరో సేవక దొరవారికే తెలియదట. కావున తాము కత్తెరతో వచ్చి ఆ రిబ్బను కోయవలెను. తీరిక లేనిచో కత్తెరకైనా సర్కారు ముద్ర వేసి పంపించవలెను. ఫోటో అవసరము లేదు.

ఈ పేదవాని మొర చిత్తగించి, చిన్నదాని కాళ్లు దక్కనీయవలెను.

తమ విధేయుడు,
బాలస్వామి
(రాత్రిబడి చదువు)

మరచి వ్రాయునది: ఈ అర్జీ నా భార్య నాగులమ్మకు చదివి వినిపించిన. అంతా విని, “నీ కాయిదం పొయ్యి సారు వచ్చేదాక పిల్ల దూప ఆగుతదా?” అన్నది. ఆమెకు చదువు రాదు. చిన్నదాన్ని చంకనేసుకొని, బిందె నెత్తిన పెట్టుకొని, కొడవలి పట్టుకొని బావి దిక్కు పోయింది. ఆమె వెనుక వాడంతా పోతున్నది. నేను కూడా పోతున్న. ఇక కత్తెర తేనక్కర లేదు గానీ జర జల్ది రండి సారూ, దశరథం చేతిల కట్టె ఉన్నది.