కడాయికి పెట్టే బొట్టు

శుక్రవారం, రాత్రి

ఎవరినీ అడగలేని సందేహం ఒకటి పట్టుకుంది, అందుకే ఇన్నాళ్లకు కలం తీశాను.

లైసెన్సు రెన్యువల్ కోసం ఈ రోజు తొండుపల్లిలో మా సకినాల షెడ్డుకు తనిఖీ మేడమ్ వచ్చింది. పోయినసారి పాత పేపర్లలో చుట్టొద్దన్నారు, మానేశాం. ఈసారి ఆమె చూపు కడాయి మీద పడింది. పొయ్యి వెలిగించే ముందు కడాయి అంచుకు కుంకుమ బొట్టు పెట్టడం నా అలవాటు.

"ఈ ఎర్రరంగు ఏందమ్మా? నూనెల రాలితే?"

"దేవుని కుంకుమ, మేడమ్."

"దేవునిదే గని, తినేది కాదు గదా. డబ్బా మీద ఏం రాసిన్రో సూశినవా?"

ఎన్నడూ చూడలేదు. తెచ్చి చదివాను. పూజకు మాత్రమే, తినరాదు అని ఉంది.

నాతో పనిచేసే యాదమ్మ ఊరుకోలేదు. "బొట్టు లేకుంటే మా అక్క పొయ్యి నూనె గూడ కాగది, మేడమ్!"

మేడమ్ నవ్వింది, కానీ తుడిస్తేనే సంతకం అంది. దండం పెట్టుకుని, తడిబట్టతో బొట్టు తుడిచాను. సంతకం పెట్టింది.

"మరి ఒట్టి పసుపు పెట్టుకోవచ్చా?" అని మెల్లగా అడిగాను.

"కూరల ఏశే పసుపైతే నాకేం ఫికర్ లేదు."

మా అమ్మ పసుపులో సున్నం, నిమ్మరసం కలిపి ఇంట్లోనే కుంకుమ చేసేది. అది తినదగినదేనా? మరి కొన్న డబ్బాలో ఉన్నదేమిటి? మేం తినకూడనిది రోజూ పూజలో నీ నుదుట ఎలా పెడుతున్నాను, దేవీ...

ఈ కాగితాలు నీ పటం వెనకే పెడుతున్నాను. భద్రంగా ఉంచు. యాదమ్మ కంట మాత్రం పడనీయకు, అక్క నిన్నే తనిఖీ చేస్తోందంటుంది.